సింగపూర్ చైనీస్ ఆర్కెస్ట్రా ఎవరి కోసం వాయిస్తోంది?

క్లుప్తంగా: చైనీస్ ఆర్కెస్ట్రా వేల ఏళ్ల నాటి కళారూపమని చాలామంది అనుకుంటారు. వాద్యాలు పాతవే, బృందం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో తయారైంది. సింగపూర్‌లో ఇది 1997లో పూర్తి స్థాయి వృత్తి బృందంగా నిలబడింది. బడిపిల్లలు, కమ్యూనిటీ క్లబ్బుల ఔత్సాహికులు, దాతలు, ప్రభుత్వ నిధులు కలిసి దీన్ని నడుపుతున్నాయి. ఇళ్లలో మాండరిన్ (ప్రామాణిక చైనీస్ భాష) తగ్గి, బడుల్లో పిల్లలు తగ్గుతున్న కాలంలో ఈ ఏర్పాటు ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇప్పటి ప్రశ్న.

షెంటన్ వే అంటే సింగపూర్‌లో బ్యాంకులూ ఆఫీసులూ నిండిన వీధి. అక్కడి ఆకాశహర్మ్యాల మధ్య వెడల్పాటి చూరుతో, తక్కువ ఎత్తుతో ఉన్న కట్టడం సింగపూర్ కాన్ఫరెన్స్ హాల్. దేశం స్వతంత్రమైన రెండు నెలలకే, 1965 అక్టోబరులో, దాన్ని కార్మిక సంఘాల కేంద్రంగా, సభామందిరంగా తెరిచారు. 2010లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. 2001 నుంచి అది సింగపూర్ చైనీస్ ఆర్కెస్ట్రాకు సొంత వేదిక. ఎనిమిది వందల పైచిలుకు సీట్లున్న ఆ హాల్లో, నెల జీతం మీద పనిచేసే ఎనభై మందికి పైగా కళాకారులు ఏడాది పొడవునా కచేరీలు చేస్తారు.

ఇంగ్లీషు, మలయ్, మాండరిన్, తమిళం అనే నాలుగు అధికార భాషలున్న దేశమిది. జాతుల మధ్య సమానత్వాన్ని రాజ్యనీతిగా చెప్పుకుంటుంది. అలాంటి దేశం ఒక జాతి పేరున్న వాద్యబృందాన్ని జాతీయ బృందంగా ఎందుకు పోషిస్తోంది? 1979 నుంచి పాశ్చాత్య పద్ధతి సింఫనీ బృందం ఉండనే ఉంది, మరి రెండోది దేనికి? మలయ్, భారతీయ వాద్యబృందాలు కూడా ఉన్నాయి, అవెందుకు వృత్తి బృందాలు కాలేదు? జనాభాలో చైనీయులు సుమారు 74 శాతం అన్న జవాబు తప్పు కాదు, కానీ అది సగమే. మిగతా సగం ఈ బృందం పుట్టుకలోనూ, దాని కింద ఉన్న పునాదిలోనూ ఉంది.

పాత వాద్యాలు, కొత్త కూర్పు

ఎర్హుకు రెండే తీగలు. కమాను ఆ రెండు తీగల మధ్య ఇరుక్కుని అక్కడే సాగుతుంది, బయటికి రాదు. పిపా నాలుగు తీగల మీటు వాద్యం. షెంగ్ వెదురు గొట్టాల గుత్తి, ఊపిరి వదిలినా పీల్చినా పలుకుతుంది. డీజీ అడ్డంగా పట్టుకునే పిల్లనగ్రోవి. దానికున్న ఒక రంధ్రం మీద రెల్లు లోపలి పల్చటి పొర అంటించడం వల్ల నాదానికి సన్నని జీర వస్తుంది. సువోనా అయితే మన సన్నాయికి అక్షరాలా చుట్టమే. పశ్చిమాసియా నుంచి ఒక దారిలో ఇటు, మరో దారిలో అటు వెళ్లిన కుటుంబం అది. యాంగ్‌చిన్ సంతూర్ జాతిది. చైనావి అనుకునే వాద్యాల్లో చాలా భాగం ఎప్పుడో బయటి నుంచి వచ్చి స్థిరపడినవే.

ఇవన్నీ ఒకే వేదిక మీద అరవై, ఎనభై మంది చేతుల్లో, కండక్టర్ సైగలకు లోబడి పలకడం మాత్రం పాత సంప్రదాయం కాదు. షాంఘై చుట్టుపక్కల టీ దుకాణాల సంగీతంలో, దక్షిణ చైనా తియోచూ జనం తీగ వాద్యాల్లో, కాంటన్ సంగీతంలో, ఫూజియన్ ప్రాంతపు నాన్‌యిన్‌లో సాధారణంగా గుప్పెడు మందే ఉండేవారు. అందరూ ఒకే వరుసను వాయిస్తారు, ఎవరి గమకాలు వారివి. ఊళ్లో భజన గోష్ఠిలో పాట ఒకటే అయినా ఒక్కో గొంతు ఒక్కో సంగతి వేసినట్టు ఉంటుంది. పై స్థాయికీ కింది స్థాయికీ వేర్వేరు పంక్తులు రాసి, నిలువుగా పేర్చే పద్ధతి అందులో లేదు. దాని అవసరమూ రాలేదు.

మార్పు షాంఘైలో మొదలైంది. 1920లో అక్కడ ఏర్పడిన దాతోంగ్ సంగీత సమాజం పాత వాద్యాలను తిరిగి తయారు చేయించి, పెద్ద బృందంగా కూర్చే ప్రయత్నం చేసింది. 1925 ప్రాంతంలో ఒక పిపా ఏకవాద్య రచనను బృంద రచనగా మలిచారు. అది నేటికీ ప్రతి చైనీస్ ఆర్కెస్ట్రా వాయించే రచన. బీజింగ్‌లో ల్యూ తియాన్‌హువా ఎర్హుకు వయొలిన్ వేళ్ల పద్ధతులు తెచ్చి, వీధి వాద్యంగా చూసిన దాన్ని విశ్వవిద్యాలయంలో బోధించే వాద్యంగా మార్చాడు. 1935లో నాన్‌జింగ్‌లోని కేంద్ర ప్రసార కేంద్రం తన సొంత బృందాన్ని పెట్టుకుంది. కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక 1952లో షాంఘైలో, 1953లో బీజింగ్ ప్రసార సంస్థలో పెద్ద బృందాలు వెలిశాయి. బీజింగ్ బృందాన్ని నడిపిన పెంగ్ షియువెన్ కమాను తీగలు, మీటు తీగలు, గాలి వాద్యాలు, తాళ వాద్యాలు అనే నాలుగు విభాగాల అమరికను స్థిరపరిచాడు. ఇవాళ తైపే నుంచి సింగపూర్ దాకా కనిపించేది ఆ అమరికే.

ఈ అమరిక కోసం వాద్యాలకే మరమ్మతు చేయాల్సి వచ్చింది. ఎర్హు పక్కన హెచ్చు స్థాయికి గావోహు, తగ్గు స్థాయికి జోంగ్‌హు చేరాయి. మంద్ర స్థాయికి సరైన వాద్యం లేక 1950లలో గెహు అనే కొత్త వాద్యాన్ని కనిపెట్టారు. అది అన్నిచోట్లా నిలదొక్కుకోలేదు. సింగపూర్ బృందంలో ఆ చోటు చెల్లోకు, డబుల్ బాస్‌కు దక్కింది. పిపాకు మెట్లు పెంచి పన్నెండు సమభాగాల స్వరక్రమానికి లోబరిచారు. పట్టు తీగల స్థానంలో లోహపు తీగలు వచ్చాయి. షెంగ్‌కు మీటలు బిగించారు. బృందం గట్టిగా, శ్రుతిబద్ధంగా పలకసాగింది, కానీ ప్రాంతాల వారీగా ఉండే స్వరాల సన్నని ఏటవాలు చాలామటుకు చదునైపోయింది. ఇది పాశ్చాత్య సింఫనీకి చైనా బట్టలు తొడగడమేనని విమర్శించేవారు మొదటి నుంచీ ఉన్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు.

ఇదే కాలంలో తెలుగు నేల మీద ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టమవుతుంది. దాతోంగ్ సమాజానికి ఒక్క ఏడాది ముందు, 1919లో, విజయనగరంలో సంగీత కళాశాల మొదలైంది. అక్కడ వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామినాయుడు 1893లో పుడితే, ల్యూ తియాన్‌హువా 1895లో పుట్టాడు. చైనా సంస్కర్తలు తమ వాద్యాన్ని ఉంచుకుని పాశ్చాత్య బృంద నిర్మాణాన్ని తీసుకున్నారు. కర్ణాటక విద్వాంసులు పాశ్చాత్య వాద్యాన్ని తీసుకుని తమ ఏకవాద్య నిర్మాణాన్ని ఉంచుకున్నారు. 1952లో ఆకాశవాణి ఢిల్లీలో వాద్యవృందం పెట్టింది. ద్రాక్షారామం నుంచి వచ్చిన ఈమని శంకరశాస్త్రి తరవాతి రోజుల్లో దానికి సారథ్యం వహించారు. మంచి రచనలు వచ్చాయి, కానీ అది రేడియో బృందంగానే మిగిలింది. దానికి వాద్యకారులను పంపే బడి బృందాలు లేవు, హాలు నింపే ఔత్సాహికులూ లేరు. సింగపూర్‌లో ఆ రెండూ ముందే ఉన్నాయి, వృత్తి బృందం తరవాత వచ్చింది.

సంఘాల నుంచి జాతీయ బృందం దాకా

సింగపూర్‌కు వలస వచ్చిన చైనీయులు ఒకే భాష మాట్లాడేవారు కాదు. హొక్కియెన్, తియోచూ, కాంటనీస్, హక్కా, హైనానీస్ అంటూ ఎవరి నుడి వారిది, ఎవరి సంఘం వారిది, ఎవరి గుడి వారిది. సంగీతమూ అలాగే విడిపోయి ఉండేది. తియోచూ వారి ఎర్ వూ సంఘం 1912 నాటిది, తావ్ యోంగ్ 1931 నాటిది. హొక్కియెన్ వారి నాన్‌యిన్ కోసం సియోంగ్ లెంగ్ సంఘం 1941లో పుట్టింది. గుడి ఉత్సవాలు, నాటకాలు, సంఘ సభ్యుల శుభాశుభాలు వీటి పని. పగలు దుకాణంలో లెక్కలు చూసుకునే మనిషి రాత్రి సంఘం మేడ మీద ఎర్హు పట్టుకునేవాడు.

1950లలో చైనీస్ మాధ్యమ బడుల పిల్లలకు రేడియో ద్వారా, రికార్డుల ద్వారా కొత్త తరహా పెద్ద బృందం పరిచయమైంది. అది ఏ ఒక్క నుడికీ చెందింది కాదు కాబట్టి అందరూ చేరగలిగారు. హొక్కియెన్ పిల్లవాడూ కాంటనీస్ పిల్లవాడూ ఒకే బల్ల ముందు కూర్చుని వాయించగల మొదటి చైనీస్ సంగీతం అది. ఈ గుణమే ప్రభుత్వానికీ నచ్చింది. 1960లో ఏర్పడిన పీపుల్స్ అసోసియేషన్ పేటపేటకూ కమ్యూనిటీ సెంటర్లు నడుపుతూ, జాతుల వారీగా, నుడుల వారీగా విడిపోయిన జనాన్ని ఒకచోట చేర్చే పని పెట్టుకుంది. ఆ సంస్థ గొడుగు కిందే 1974లో చైనీస్ ఆర్కెస్ట్రా వచ్చింది. అంటే ఇవాళ్టి బృందానికి తల్లివేరు సంగీత కళాశాలలో లేదు, సామాజిక సంక్షేమ యంత్రాంగంలో ఉంది. దాని ప్రవర్తన చాలామటుకు ఇక్కడి నుంచే అర్థమవుతుంది.

తరవాతి పరిణామాలు వేగంగా జరిగాయి. 1979లో మాండరిన్ మాట్లాడండి ఉద్యమం మొదలై, పాత నుడులు రేడియో నుంచీ టీవీ నుంచీ తప్పుకున్నాయి. 1987 నాటికి బడులన్నీ ఇంగ్లీషు మాధ్యమానికి మారాయి. చైనీస్ మాధ్యమంలో చదివిన తరానికి తమ చదువు, తమ ప్రపంచం అంచుకు నెట్టివేతకు గురయ్యాయన్న భావన మిగిలింది. 1990ల మధ్యలో అప్పటి ప్రధాని గో చోక్ టోంగ్ చొరవతో పీపుల్స్ అసోసియేషన్ బృందాన్ని పూర్తి స్థాయి వృత్తి బృందంగా మార్చాలన్న నిర్ణయం జరిగింది. 1997లో కొత్త బృందం ప్రారంభమైంది. కళల రాజధానిగా ఎదగాలన్న ఆర్థిక ఆలోచన ఒక కారణం. భాషాపరంగా నష్టపోయామనుకున్న వర్గానికి సంస్కృతి రూపంలో గౌరవం చూపడం ఇంకొకటి అనుకోవడానికి ఆస్కారం ఉంది. మలయ్, భారతీయ బృందాలు పీపుల్స్ అసోసియేషన్ కిందే ఉండిపోయాయి. 1985లో ఏర్పడిన సింగపూర్ ఇండియన్ ఆర్కెస్ట్రా, గాయక బృందం అక్కడి కర్ణాటక, హిందుస్తానీ అభ్యాసకులకు నేటికీ ముఖ్య వేదిక. తెలుగు కుటుంబాలకూ అది తెలిసిన పేరే. కానీ దానికి బడుల్లో అంతటి పునాది గానీ, ప్రేక్షక సంఖ్య గానీ ఎన్నడూ లేవు.

బడి, క్లబ్బు, వేదిక

సింగపూర్‌లో సెకండరీ బడిలో చేరిన ప్రతి విద్యార్థి తరగతి చదువుకు తోడుగా ఒక కార్యక్రమం ఎంచుకోవాలి. ఆటలు, స్కౌట్స్, నాటకం, బ్యాండు వగైరా. చాలా బడుల్లో ఆ జాబితాలో చైనీస్ ఆర్కెస్ట్రా ఉంటుంది. పిల్లవాడు అంతకుముందు ఏ వాద్యమూ పట్టి ఉండనక్కర్లేదు. బడే వాద్యం ఇస్తుంది, బయటి శిక్షకుడిని పిలిపిస్తుంది. చేతివేళ్లు చూసి, ఊపిరి చూసి నీకు షెంగ్, నీకు యాంగ్‌చిన్ అని పంచుతారు. 1967లో మొదలైన సింగపూర్ యూత్ ఫెస్టివల్‌లో ఈ బృందాలు న్యాయనిర్ణేతల ముందు వాయించాలి. శ్రేణి వస్తే బడికి పేరు. కొన్ని బడుల్లో ఈ వాద్య నైపుణ్యం మీదనే ప్రవేశం కూడా దొరుకుతుంది. తల్లిదండ్రుల ఆసక్తికి అదొక ఆచరణాత్మక కారణం.

బడి దాటాక ఏమవుతుంది? అతి కొద్దిమంది నాన్యాంగ్ లలితకళా అకాడమీలోనో, చైనాలోని కన్సర్వేటరీల్లోనో (ఉన్నత సంగీత విద్యాలయాల్లోనో) చేరి సంగీతాన్నే వృత్తిగా తీసుకుంటారు. ఇంకొందరు కమ్యూనిటీ క్లబ్బు బృందాల్లో, పాత సంఘాల్లో, విశ్వవిద్యాలయ బృందాల్లో వారానికోసారి సాధనకు వెళ్తారు. ఈ ఔత్సాహిక బృందాల్లో చాలాచోట్ల వాడేది ఒకటి నుంచి ఏడు దాకా అంకెలతో రాసే స్వరలిపి. ఆధార శ్రుతి ఏదైనా దాన్ని ఒకటో అంకెతోనే రాస్తారు, మన షడ్జమం లాగే. పాశ్చాత్య గీతల స్వరలిపి చదవలేనివారు కూడా రెండు వారాల్లో పట్టుకోగలరు. ఈ సంగీతం ఇంతమందికి అందడంలో ఆ అంకెల పాత్ర పెద్దది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. మిగతావారు వాద్యాన్ని అటక మీద పెట్టేస్తారు, కానీ వినడం తెలిసిన చెవులు మిగులుతాయి. టిక్కెట్టు కొనేది చాలావరకు వీళ్లే.

వృత్తి బృందానికీ ఈ పునాదికీ మధ్య రాకపోకలు అన్ని స్థాయిల్లోనూ ఉన్నాయి. బృందంలోని కళాకారులే బడుల్లో శిక్షకులు. సింగపూర్ యూత్ చైనీస్ ఆర్కెస్ట్రా వృత్తి బృందం పర్యవేక్షణలోనే నడుస్తుంది. బడుల్లో మెరికల్లాంటి వారిని ఏరి అక్కడ తీర్చిదిద్దుతారు. వృత్తి బృందం కొత్తగా రాయించుకున్న రచనలు కొన్నేళ్లకు సులభం చేసిన రూపంలో బడి బృందాల చేతికి వస్తాయి. 2004లో ఇండోర్ స్టేడియంలో రెండు వేల మందికి పైగా, 2014లో కొత్త నేషనల్ స్టేడియంలో నాలుగు వేల మందికి పైగా కలిసి వాయించిన సామూహిక కచేరీలు ఈ పునాదిని ఒకేసారి కళ్లముందు పెట్టాయి. ప్రపంచ రికార్డుల ఆర్భాటం అలా ఉంచితే, నలభై లక్షల మంది పౌరులు కూడా లేని నగర రాజ్యంలో ఈ వాద్యాలు పట్టుకోగల అన్ని వేల మందిని కూడగట్టడమే విశేషం.

నాయకత్వమూ ఈ దారిలోనే మారింది. మొదటి సంగీత దర్శకుడు హు బింగ్‌షు చైనా నుంచి వచ్చారు. 2002 నుంచి రెండు దశాబ్దాలు బృందాన్ని నడిపిన సుంగ్ యే షాంఘైలో పుట్టి అమెరికాలో సింఫనీ బృందాలకు సారథ్యం వహించినవారు. 2023లో ప్రధాన కండక్టర్ బాధ్యత తీసుకున్న క్వెక్ లింగ్ కియోంగ్ సింగపూర్‌లోనే పుట్టి, ఇదే బృందంలో తాళ వాద్యకారుడిగా మొదలైనవారు. కళాకారుల్లో మాత్రం చైనా నుంచి వచ్చి స్థిరపడినవారు ఇప్పటికీ గణనీయంగా ఉన్నారు. కింది నుంచి పైకి ఎక్కే నిచ్చెన పనిచేస్తోంది, కానీ పై మెట్టు చేరడానికి పట్టిన సమయం పాతికేళ్లు.

మామూలు జనం జీవితంలో ఈ బృందం ఎదురయ్యేది ఎక్కువగా హాలు బయటే. పార్కుల్లో, పేటల్లో, బడుల్లో ఉచిత కచేరీలు, మధ్యాహ్న భోజన వేళ చిన్న కార్యక్రమాలు, పసిపిల్లల కోసం కథలతో కూడిన కచేరీలు, మాతృదినోత్సవ కచేరీ. ఈ చివరిదానిలో పాత సినిమా పాటలు, ఒకప్పటి టీవీ ధారావాహికల పాటలు వాయిస్తారు. దీన్ని చౌకబారు పని అని కొట్టిపారేయడం తేలిక. అయితే పాత నుడుల్లో మాత్రమే హాయిగా మాట్లాడే అమ్మమ్మకూ, ఇంగ్లీషులో కలలు కనే మనవరాలికీ ఇద్దరికీ ఒకేసారి అర్థమయ్యే కార్యక్రమాలు ఆ నగరంలో ఎన్నో లేవు. బృందం వ్యాఖ్యానాలు, కరపత్రాలు రెండు భాషల్లో ఉండటం ఈ అవసరం నుంచి వచ్చిందే.

డబ్బు ఎటు నుంచి

ఎనభై మంది జీతాలు టిక్కెట్ల మీద రావు. ప్రపంచంలో ఏ పెద్ద వాద్యబృందానికీ రావు. సింగపూర్ బృందం లాభాపేక్ష లేని సంస్థగా నమోదై ఉంది. సంస్కృతి, సమాజం, యువజన శాఖ నిధులు దానికి ప్రధాన ఆధారం. ఆ శాఖ పేరులోనే సంస్కృతి పక్కన సమాజం ఉండటం గమనించదగ్గది. మిగతాది విరాళాలు. 2013లో ప్రభుత్వం 20 కోట్ల సింగపూర్ డాలర్లతో కల్చరల్ మ్యాచింగ్ ఫండ్ పెట్టింది. దాత వంద డాలర్లిస్తే నిధి నుంచి మరో వంద వస్తుంది. పైగా దాతకు ఇచ్చినదానికి రెండున్నర రెట్లు పన్ను లెక్కలో మినహాయింపు. తరవాత ఆ నిధిని మళ్లీ నింపారు.

దీని ప్రభావం రెండు వైపులా ఉంటుంది. వ్యాపారవేత్తలు, చైనీస్ సంఘాల పెద్దలు బృందం చుట్టూ చేరతారు, నిధుల సేకరణ విందుల్లో కొందరు స్వయంగా వేదికెక్కుతారు. ఇంకోవైపు, ప్రజాధనం తీసుకునే సంస్థ ఎంతమందికి చేరిందో లెక్క చూపాలి. పార్కు కచేరీలు, బడి కార్యక్రమాలు ఆ లెక్కలో భాగం. సమాజసేవ అని పిలిచే పని నిజానికి బృందం తన మనుగడకు కట్టే వాయిదా. రేపటి ప్రేక్షకుడినీ, రేపటి వాద్యకారుడినీ, రేపటి గ్రాంటునూ ఒకే కార్యక్రమంతో సంపాదించుకునే పద్ధతి ఇది.

హాంకాంగ్ దారి, మలేసియా దారి

1977లో ఏర్పడిన హాంకాంగ్ చైనీస్ ఆర్కెస్ట్రా సింగపూర్ బృందానికి సహజమైన పోలిక. ముందు నగర పాలక మండలి శాఖగా ఉండి, 2001లో విడి సంస్థ అయింది. 1997లో వచ్చిన యాన్ హుయ్‌చాంగ్ నాయకత్వంలో అది రెండు పనులకు పేరు తెచ్చుకుంది. ఒకటి, 2003లో సార్స్ వ్యాధితో 299 మంది చనిపోయి నగరం కుంగిపోయినప్పుడు మొదలుపెట్టిన డ్రమ్ ఫెస్టివల్. మూడు వేల మందికి పైగా కలిసి డోళ్లు మోగించారు. వాద్యం రానివాడు కూడా పాల్గొనగల రూపం ఎంచుకోవడంలోనే తెలివి ఉంది. రెండోది వాద్యాల పరిశోధన. ఎర్హు బుర్ర మీద కట్టేది కొండచిలువ చర్మం. తేమ పెరిగితే వదులవుతుంది, ఎండితే బిగుసుకుంటుంది. పైగా కొండచిలువ అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం పరిధిలో ఉంది, సరిహద్దు దాటాలంటే పత్రాలు కావాలి. హాంకాంగ్ బృందం తన వర్క్‌షాపులో చర్మం బదులు పాలియెస్టర్ పొర వాడిన హుచిన్ (ఎర్హు కుటుంబపు) వాద్యాలను తయారు చేసింది. మంద్ర స్థాయికి చెల్లోను అరువు తెచ్చుకోకుండా గెహునే బాగుచేసుకుంది. సింగపూర్ బృందం సమస్యను పాశ్చాత్య వాద్యంతో తీర్చుకుంటే హాంకాంగ్ బృందం దాన్ని వడ్రంగి బల్ల మీద తీర్చుకుంది.

మలేసియా మూడో రకం. అక్కడ జనాభాలో చైనీయులు మైనారిటీ. వారి సంగీతానికి రాజ్యం నుంచి అంతటి ఆదరణ లేదు. అయినా స్వతంత్ర చైనీస్ బడులు, సంఘాలు, చందాల మీద చైనీస్ ఆర్కెస్ట్రాలు బతుకుతున్నాయి. అక్కడ ఎదిగిన వాద్యకారుల్లో కొందరు ఉద్యోగం కోసం సింగపూర్ చేరుతున్నారు. పునాది గట్టిగా ఉన్నా పైన శిఖరం కట్టుకోలేని స్థితి అది. మనుగడకు అసలు ఏది ముఖ్యమని అడిగితే మలేసియా అనుభవం సూచించేది బడినే, జాతీయ బృందాన్ని కాదు. జాతీయ బృందం ప్రమాణాన్ని ఇస్తుంది, జీవనోపాధి ఇస్తుంది. జనాన్ని ఇచ్చేది మాత్రం కింది అంతస్తే.

నాన్యాంగ్ స్వరం

సింగపూర్ బృందం ఎంత బాగా వాయించినా, బీజింగ్ రచనలే వాయిస్తే బీజింగ్ నీడగానే మిగులుతుంది. బహుళ జాతుల దేశంలో జాతీయ బృందం అనిపించుకోవడమూ కష్టం. ఈ రెండు ఇబ్బందులకూ ఒకే మందుగా వచ్చింది నాన్యాంగ్ సంగీతం అనే భావన. దక్షిణ సముద్రాల ప్రాంతం, అంటే ఆగ్నేయాసియా, దాని స్వరాలను చైనీస్ వాద్యాల మీద పలికించడం. 2006లో బృందం ఇందుకోసమే అంతర్జాతీయ రచనల పోటీ పెట్టింది. మొదటి బహుమతి గెలిచింది ఇంగ్లండ్‌లో పుట్టి సింగపూర్‌లో స్థిరపడిన ఎరిక్ వాట్సన్. ఆ ఫలితమే ఒక ప్రకటన లాంటిది. తరవాత 2011లో, 2015లో పోటీలు జరిగాయి. ఇండోనేసియా గమెలాన్ వాద్యబృందాల లయలు, మలయ్ పాటల నడకలు, భారతీయ తాళాలు ఈ రచనల్లోకి వచ్చాయి. 2005లో పదిహేనో శతాబ్దపు చైనా నావికుడు జెంగ్ హె నౌకాయాత్రల మీద లా వై లున్ రాసిన భారీ రచన కూడా ఇదే దిశలోది.

ఫలితాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. కొన్ని రచనల్లో తబలా, అంగ్‌క్లుంగ్ అనే వెదురు వాద్యం కేవలం రంగు కోసం పెట్టినట్టు ఉంటాయి. భారతీయ రాగాన్ని చైనీస్ బృందానికి రాసేటప్పుడు అసలు చిక్కు గమకం. ఎర్హు ఒంటరిగా ఉన్నప్పుడు గమకాన్ని అద్భుతంగా పలికించగలదు, దానికి మెట్లే లేవు. ఇరవై ఎర్హులు కలిసి పలకాలంటే ప్రతి జారుడూ కాగితం మీద రాసి ఉండాలి. రాసేసరికి గమకం గట్టిపడిపోతుంది. చైనా ప్రాంతీయ శైలులు పెద్ద బృందంలో పోగొట్టుకున్నదీ, రాగం పోగొట్టుకుంటున్నదీ ఒకటే. అందుకే సఫలమైన రచనల్లో అతిథి కళాకారుడు ముందు స్వేచ్ఛగా వాయిస్తాడు, బృందం వెనక ఆధారంగా నిలుస్తుంది. ఈ పద్ధతి పదే పదే కనిపించడానికి కారణం రచయితల బద్ధకం కాదు, నిర్మాణంలోని పరిమితి. మరోవైపు, సియోంగ్ లెంగ్ లాంటి చిన్న సంఘాల్లో పాత శైలి పాత పద్ధతిలోనే సాగుతోంది. చైనా నాన్‌యిన్‌ను 2009లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. భద్రపరచడం చిన్న బృందాల పనిగా, జనాన్ని కూడగట్టడం పెద్ద బృందం పనిగా విభజన జరిగిపోయింది.

మారుతున్న ఇళ్లు, తగ్గుతున్న పిల్లలు

2010 జనాభా లెక్కల ప్రకారం సింగపూర్ నివాసుల్లో ఇంట్లో ఎక్కువగా ఇంగ్లీషు మాట్లాడేవారు 32.3 శాతం. 2020 నాటికి అది 48.3 శాతానికి చేరింది. మాండరిన్ 29.9 శాతం వద్ద ఉంది. చైనీస్ ఆర్కెస్ట్రాను వినడానికి మాండరిన్ రానక్కర్లేదు, వాద్యానికి మాటలు లేవు. అయినా పాటల జ్ఞాపకం, కథల జ్ఞాపకం, పండగ జ్ఞాపకం భాషతోనే వస్తాయి. అవి లేని శ్రోతకు ఇది అనేక కచేరీల్లో ఒక కచేరీ మాత్రమే. బృందం సినిమా సంగీతం వైపు, వీడియో ఆటల సంగీతం వైపు, పాప్ గాయకులతో కలిసి చేసే కార్యక్రమాల వైపు మొగ్గడం ఇందుకే. పాత శ్రోతలు నొచ్చుకుంటున్నా లెక్క ప్రకారం వేరే దారి కనిపించడం లేదు.

అంతకన్నా నెమ్మదిగా, లోతుగా పనిచేసే కారణం జననాల తగ్గుదల. సింగపూర్‌లో సంతాన సాఫల్య రేటు 2023లో 0.97కు పడిపోయింది. పిల్లలు లేక బడులు విలీనమవుతున్నాయి. 2019లో ఎనిమిది జూనియర్ కళాశాలలను నాలుగుగా కలిపేశారు. రెండు బడులు ఒకటైతే రెండు బృందాలు ఒకటవుతాయి. కొన్నిచోట్ల యాభై మంది ఉండాల్సిన బృందం ఇరవైకి కుదించుకుపోతుంది. ఇరవై మందితో నాలుగు విభాగాల అమరిక సాగదు. షెంగ్ ఉంటే సువోనా ఉండదు, మంద్ర స్థాయి ఖాళీగా ఉంటుంది. పెంగ్ షియువెన్ నాటి నుంచి పోగుపడిన పెద్ద రచనలు అలాంటి బృందానికి పనికిరావు.

ఈ మార్పును ముందే పసిగట్టినట్టు చిన్న బృందాలు బలపడుతున్నాయి. 2007లో మొదలైన డింగ్ యి బృందం చైనీస్ ఛాంబర్ (చిన్న బృందాల) సంగీతానికే పరిమితమై, కొత్త రచనలు రాయించుకుంటూ సొంత ప్రేక్షకులను తయారు చేసుకుంది. పది పదిహేను మందికి రాసిన రచనలు బడి బృందాలకూ సరిపోతాయి, ఒక్కో వాద్యం విడిగా వినపడుతుంది, గమకానికీ కాస్త చోటు దొరుకుతుంది. రాబోయే పదేళ్లలో వృత్తి బృందం రాయించుకునే రచనల్లో ఎనభై మందికి ఎన్ని, పదిహేను మందికి ఎన్ని అన్నది చూస్తే చాలు, అది బడిని దృష్టిలో పెట్టుకుందో, స్టేడియాన్ని దృష్టిలో పెట్టుకుందో తెలిసిపోతుంది.